లిమిటర్‌ను నమ్మే ముందు వాల్యూమ్ సమం చేయండి

మాస్టరింగ్‌లో, అంటే పాటకు చివరి మెరుగులు దిద్దే దశలో, లిమిటర్ (శబ్ద శిఖరాలను అణచి మొత్తం వాల్యూమ్ పెంచే సాధనం) వేయగానే పాట ఒక్కసారిగా బాగుపడినట్టు అనిపిస్తుందా? వెంటనే నమ్మకండి. ఒక్క డెసిబెల్ పెరిగినా చెవి దాన్ని మెరుగుదలగానే లెక్కేస్తుంది. లిమిటర్ ఎంత పెంచిందో అంతా చివర్లో తగ్గించి, అది ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ మార్చి మార్చి వినండి. డ్రమ్ము దెబ్బలో పదును పోయిందని చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది. నాకైతే మొదటిసారి కాస్త సిగ్గేసింది కూడా.

ఇంకొక అలవాటు: స్పీకర్ వాల్యూమ్ నాబ్ దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకుని, తీర్పు చెప్పే ప్రతిసారీ దాన్ని అక్కడికే తెచ్చి వినడం. శబ్దం తగ్గితే బాస్ కూడా తగ్గినట్టు వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని 1933లోనే కొలిచి చూపించారు. నాబ్ కదిలిన ప్రతిసారీ చెవి కొలబద్ద మారిపోతుందన్నమాట.

మరి శబ్దం కొలిచే మీటరు ఎందుకు? పోల్చే పాటనూ మీ పాటనూ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు తేవడానికి. మూడు గంటల పని తర్వాత అలసిన చెవిని సరిచూడడానికి. ట్రూ పీక్ (శబ్ద తరంగం నిజంగా చేరే అత్యధిక స్థాయి) సంగతి మాత్రం పూర్తిగా మీటరుకే వదిలేయండి, మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూస్తే చాలు.

అయితే మీటరు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ చూపించే రెండు పాటలు సమానంగా వినిపించాలని లేదు. పాట మొత్తానికి వచ్చే ఆ అంకె ఒక సగటు. పల్లవి మెల్లగా, చరణం హోరుగా ఉన్న పాటకూ, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున సాగే పాటకూ అదే అంకె రావచ్చు. ఆల్బమ్‌లో పాటలను వరసగా పేర్చేటప్పుడు నేను గొంతు ఎంత దగ్గరగా వినిపిస్తోందో చూసి సరిచేస్తాను, మీటరు అర డెసిబెల్ అటూ ఇటూ చూపించినా పట్టించుకోను.