కంప్యూటర్ ఆన్ కావట్లేదా? మూత విప్పే ముందు ఈ జాగ్రత్తలు

– స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్ ఉంటే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బీప్‌లు వస్తే లెక్కపెట్టండి, లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి పనికొస్తాయి.

– పెన్‌డ్రైవ్, ప్రింటర్ అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేసి చూడండి. ఒక్కోసారి అంతటితోనే సరిపోతుంది.

– విప్పక తప్పదంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ కూడా తీసేయాలి. పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. ర్యామ్ (మెమరీ పట్టీ) ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకండి. ఒంట్లోని స్టాటిక్ (నిలిచి ఉండే విద్యుత్) చిప్‌లను పాడుచేయగలదు.

– కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో (కరెంటు నిల్వ చేసే భాగాలు) ప్రాణం మీదికి తెచ్చేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

– విండోస్ మళ్లీ ఎక్కించే తొందర అసలే వద్దు. ముందు హార్డ్‌డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి పిల్లల ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి, ముందే వెతికి పెట్టుకోండి.