గురుడి మీద కొత్త మచ్చ కనిపిస్తే ముందు గడియారం చూడండి

పోయిన వారం మా పరిశీలకుల బృందంలో ఒకాయన గురుగ్రహాన్ని ఏదో తోకచుక్క గుద్దిందని, నల్లమచ్చ పడిందని ప్రకటించేశారు. రెండు రాత్రులు మాలో ఎవరికీ నిద్ర లేదు. తీరా చూస్తే అది గురుడి ఉపగ్రహం యూరోపా నీడ. పది నిమిషాల్లో తేలవలసిన సంగతి. ఆయన కంప్యూటర్ గడియారం 40 నిమిషాలు వెనకబడి ఉంది; ఆ సమయానికి, ఉపగ్రహాల నీడలు ఎప్పుడు పడతాయో చెప్పే పట్టికల్లో ఏ నీడా లేదు మరి!

గురుడు ఆకాశంలో సూర్యుడికి ఎదురుగా వచ్చి బాగా కనిపించే కాలం 13 నెలలకు ఒకసారి వస్తుంది. టెలిస్కోపు ఎలా బిగించాలో మీకు తెలుసు, అది వదిలేస్తున్నాను.

గడియారం సంగతి

గురుడు 10 గంటలు నిండకుండానే ఒక చుట్టు తిరుగుతాడు. అంటే నిమిషానికి 0.6 డిగ్రీలు. గడియారం 7 నిమిషాలు తప్పితే మధ్యరేఖ దగ్గరి మేఘం 5,000 కి.మీ. పక్కన ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఒక రాత్రి సమయం సరిగ్గా రాసి, 48 గంటల తర్వాత ఆ తప్పు చేశారనుకోండి: మేఘం అంత దూరం జరిగిందనిపించి, గంటకు 100 కి.మీ. దాటిన గాలి ఒకటి గురుడి మీద కొత్తగా పుడుతుంది. పుట్టించింది మీరే.

మచ్చా, నీడా?

మధ్యరేఖ మేఘాలు సెకనుకు 12.6 కి.మీ. వేగంతో తిరుగుతాయి. గురుడి ఉపగ్రహాల్లో అయో నీడ 17 కి.మీ. వేగంతో వాటిని దాటిపోతుంది. గానిమీడ్ నీడ వేగం 11 కి.మీ. దగ్గరే ఆగడంతో అది వెనకబడుతుంది. మోసగత్తె యూరోపా. దాని నీడ వేగం 14కు కొంచెం తక్కువ. అరగంట చూసినా మేఘాలతో కలిసి నడుస్తున్నట్టే ఉంటుంది. గంటన్నర చూడండి. 2009 జూలై 19న ఆస్ట్రేలియా ఔత్సాహిక పరిశీలకుడు ఆంథొనీ వెస్లీకి గురుడి దక్షిణ ధ్రువం దగ్గర నల్లమచ్చ కనిపించినప్పుడు, అది పక్కనున్న తెల్లటి తుఫానుతోపాటే తిరుగుతోందని చూసుకున్నాకే నీడ కాదని తేల్చుకున్నారు. అది నిజంగానే ఏదో ఢీకొనడంతో పడ్డ మచ్చ.

ఇక మిగతావి:

- గడియారం ప్రతి రాత్రీ సరిచూడండి. నిన్న సరిచేశానుగా అనవద్దు.
- ఫైలు పేరులోనే యూటీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సార్వత్రిక సమయం) ఉండాలి. స్థానిక సమయం వద్దు.
- ఒక్కో వీడియో రెండు మూడు నిమిషాలు దాటనివ్వకండి. దాటితే గ్రహం తిరిగిపోయి మేఘాల అంచులు చెదురుతాయి.
- బొమ్మను సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌లో పదును పెంచే మీటను సగానికి దించండి. గ్రహం అంచున కనిపించే సన్నని వంపుగీత మేఘం కాదు, మీ చేతిపని.
- కెమెరాను కాస్త తిప్పి మళ్లీ తీయండి. మచ్చ కెమెరాలోని దుమ్మయితే ఫ్రేములో ఉన్నచోటే ఉంటుంది.
- గురుడిని ఏదో గుద్దినప్పటి మెరుపు దొరికితే ఇంకొకరి వీడియో కోసం ఆగండి. 2010 జూన్ 3 నాటి మెరుపును ఆస్ట్రేలియాలో వెస్లీ, ఫిలిప్పీన్స్‌లో మరో ఔత్సాహిక పరిశీలకుడు క్రిస్టఫర్ గో ఇద్దరూ పట్టారు. సమయాలు కలిశాయి కాబట్టే నమ్మాం. మళ్లీ గడియారమే!
- అసలు వీడియో చెరపవద్దు.
- శని మీద తెల్లమచ్చ లేస్తే తాత్సారం వద్దు. 2010 డిసెంబరులో మొదలైన తుఫాను కొద్ది నెలల్లోనే గ్రహాన్ని చుట్టేసింది.
- సూర్యుడు దిగేదాకా ఫైండర్ (టెలిస్కోపు గురిచూసే చిన్న దుర్బిణి) మూత తీయకండి.
- మబ్బుపట్టి పని ఆగిందా? ఆగిన సమయం కూడా రాయండి. యూటీలో.