వంటింటి తలుపులకు రంగు వేసే ముందు ఎమరీ పేపర్ ఎలా పట్టాలి?

మా అనంతపురంలో కాస్త పాత ఇళ్లలో వంటిల్లంటే కడప బండలతో కట్టిన అరలు, వాటికి బిగించిన చెక్క తలుపులు. బండకు రంగు అక్కర్లేదు, తుడిస్తే చాలు. గొడవంతా తలుపులతోనే. కొన్నేళ్లకు ఎనామిల్ పసుపుబారుతుంది, పిడి చుట్టూ నల్లబడుతుంది, పొయ్యి పక్కన పొక్కులు లేస్తుంది. మనమే రంగు వేసుకుందాం అనుకోగానే ముందు ఏ కంపెనీ డబ్బా కొనాలని ఆలోచిస్తాం. ఏ డబ్బా కొన్నా ఆ రంగు నిలిచేది దాని కింద మనం ఎంత ఓపికగా రుద్దామన్న దాన్ని బట్టే.

మొదటిసారి నేను నేరుగా ఎమరీ పేపర్ పట్టుకుని మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి పేరుకున్న పోపుల జిడ్డు ఆ రాపిడికి పోలేదు సరికదా, తలుపంతా పులుముకుంది. ఏడాది తిరక్కుండానే పొయ్యి పక్క తలుపు మీది రంగు అరటి తొక్కలా ఊడొచ్చింది. కాబట్టి ముందు కడగడం, ఆ తర్వాతే రుద్దడం. తలుపులు ఊడదీసి, ఏది ఎక్కడిదో లోపలి వైపు నంబర్ వేసుకోండి. ఒక్కో తలుపు స్క్రూలు ఒక్కో కవర్లో దాచండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, స్క్రబ్బరుతో తోమి, సబ్బు పోయేలా మంచినీళ్లతో రెండుసార్లు తుడవండి. వేలితో రాస్తే కిర్రుమనాలి. నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

రుద్దే ముందు ఇంకో మాట. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబర్ నుంచి. అంతకు ముందు వేసిన ఎనామిల్ అయితే అందులో సీసం ఉండొచ్చనే అనుకోండి. అలాంటి తలుపును పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు. వాటర్ పేపర్, అంటే తడిసినా పాడవని ఎమరీ పేపర్ తెచ్చి, తడుపుతూ రుద్దండి. ఆ మురికిని గుడ్డతో ఎత్తేయాలి గానీ చీపురుతో ఊడవకూడదు. ఎన్95 మాస్క్ పెట్టుకోండి. పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కలకు రాకూడదు. ఎండీఎఫ్ (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) తలుపులను మాత్రం తడపకండి, ఉబ్బిపోతాయి.

పేపర్ వెనక ఉండే నంబర్ ఎంత చిన్నదైతే అంత గరుకు. పొక్కులు, పెచ్చులు ఉన్న చోట 120 పట్టండి. మిగతా తలుపంతటికీ 180 చాలు. 80 జోలికి పోకండి, అది చేసే గీతలు రెండు కోటింగులు వేసినా కనిపిస్తూనే ఉంటాయి. షీటును నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కను అరచేతిలో పట్టేంత చెక్కకు చుట్టండి. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల కింద గుంటలు పడతాయి. చెక్క చార ఎటు ఉంటే అటే రుద్దాలి, అడ్డంగా వద్దు. అంచుల దగ్గర చెయ్యి తేలికగా ఆడించండి, అక్కడ రంగు ఇట్టే లేచిపోయి కట్టె బయటపడుతుంది.

ఎంతసేపు రుద్దాలి? చాలామంది చెక్క తేలేదాకా రుద్ది భుజాలు పోగొట్టుకుంటారు. మా వీధిలో రంగులేసే అన్నను అడిగితే, "మెరుపు చస్తే చాలు సార్, కట్టె తేలాల్సిన పనిలేదు" అన్నాడు. గట్టిగా అతుక్కుని ఉన్న పాత రంగు ఉండనీ. దాని నునుపు పోయి, కొత్త రంగుకు పట్టు దొరకాలి, అంతే. నేను చేసేదేమంటే, తలుపు మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీస్తాను. గీతలన్నీ పోయాయంటే అంతటా రుద్దినట్టే. ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే మిగిలిన మెరుపు మచ్చలు కూడా దొరికిపోతాయి. సన్‌మైకా తలుపులకూ ఇదే పద్ధతి, కాకపోతే దాని మీద పట్టే ప్రైమర్ (రంగు కింద ముందుగా వేసే పూత) అడిగి తెచ్చుకోవాలి. అంచుల్లో సన్‌మైకా లేచిపోతుంటే రంగు ఆలోచన మానేసి ముందు దాన్ని అతికించండి.

పాత మేకుల గుంతలకు లప్పం పెట్టి, ఆరాక 180తో చదును చేయండి. దుమ్మును ముందు పొడి బ్రష్‌తో, తర్వాత కాస్త తడిపి పిండిన నూలు గుడ్డతో తీయండి. పాత పంచె ముక్కను మించింది లేదు.

ప్రైమర్ వేశాక తలుపు మళ్లీ గరుగ్గా తగులుతుంది. కంగారు పడకండి, చెక్క నూగు లేవడం మామూలే. 220తో రెండు మూడు సార్లు చెయ్యి ఆడిస్తే సరి. ఇక్కడ తొందర పనికిరాదు. ఎనామిల్ రకమైతే రాత్రంతా ఆరనివ్వండి. మన ఎండకు పైన గంటలోనే ఆరినట్టుంటుంది గానీ లోపల మెత్తగానే ఉంటుంది. ఆరిందో లేదో పేపరే చెబుతుంది. తెల్లటి పొడి రాలితే ఆరినట్టు, జిగురులా చుట్టుకుని పేపర్‌కు అంటుకుంటే ఇంకో పూట ఆగాలి. మొదటి కోటింగ్ తర్వాత 320తో, మీసాల మీద వేలు రాసినంత తేలికగా రుద్దండి. అతుక్కున్న దుమ్ము రేణువులు, బ్రష్ వెంట్రుకలు పోతే చాలు. నీళ్లు కలిపి వేసే రకం రంగు వాడుతుంటే ఇనుప పీచు వాడొద్దు. దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు మచ్చలు లేస్తాయి.

ఆషాఢంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు కదా! ఆ గాలికి ఎర్రదుమ్మంతా పచ్చి రంగు మీదే వాలుతుంది, రుద్దిందే మళ్లీ రుద్దుతూ కూర్చోవాలి. సంక్రాంతికి ముందు రోజులు నయం.

చివరి కోటింగ్ మీద ఇక పేపర్ పెట్టొద్దు. రెండు రోజులు ఆగి తలుపులు బిగించండి. కొన్నాళ్లు తలుపు గట్టిగా మూయకుండా, అంచుకు చిన్న కాగితం మడత అడ్డం పెట్టండి. లేకపోతే కొత్త రంగు చట్రానికి అతుక్కుని, తెరవగానే పెచ్చుగా ఊడొస్తుంది.