తాతగారి యుద్ధకాలపు డైరీని భద్రపరచి చదివే విధానం
తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలోనో, డెల్టాలోని మరే ఊరిలోనో 1939–45 యుద్ధానికి వెళ్లివచ్చిన తాతగారి డైరీ ట్రంకుపెట్టెలో దొరికితే, చెమ్మకు అతుక్కుపోయిన కాగితాలను బలవంతంగా విడదీయకుండా, ఎండలో పెట్టకుండా, నీడలో గాలికి ఆరనివ్వాలి. సెల్లోటేపు, లామినేషన్ అసలే వద్దు. ఆరిన ప్రతి పుటనూ, ఖాళీదైనా సరే, వరుస తప్పకుండా ఫోటో తీయాలి.

ఆనాటి సైన్యంలో సిపాయిలకు రోమన్ లిపిలో ఉర్దూ నేర్పేవారు కనుక, తెలుగు వాక్యం మధ్య లంగరు అని కనిపిస్తే అది మన పడవ లంగరు కాకపోవచ్చు, శిబిరంలోని వంటశాల కావచ్చు. సంత్రీ అంటే కాపలా సిపాయి. ఉత్తరాలను సెన్సారు చేసిన రోజులవి కాబట్టి మకాం పేరు లేకపోయినా నిరాశపడవద్దు. వాన, రేషను, పెరేడు, జ్వరం, ఇంటి నుంచి ఉత్తరం అందిన రోజు వంటి సంగతులను తేదీలవారీగా వేరే పుస్తకంలోకి, అక్షరదోషాలను కూడా దిద్దకుండా, ఎత్తి రాయండి. పోరాట వర్ణనలకంటే ఇవే నాకు విలువైనవి.