మెమరీ సీటు మొరాయిస్తే: మోటారు మార్చే ముందు చూడాల్సినవి

మెమరీ సీటు అంటే, సేవ్ చేసిన పొజిషన్‌కి బటన్ నొక్కగానే తనే జరిగే పవర్ సీటు, అంటే మోటారుతో కదిలే సీటు. అది ఆగిపోగానే చాలామంది ముందు మోటారును అనుమానిస్తారు, తర్వాత మాడ్యూల్‌ను, అంటే సీటును నడిపే కంట్రోల్ పెట్టెను. రెండూ ఖరీదైనవే. నేను చూసినంతలో అసలు లోపం ఎక్కువసార్లు సీటు కింది వైర్లలోనో, వైర్లను కలిపే కప్లర్లలోనో దొరికింది. సీటు జరిగిన ప్రతిసారీ ఆ వైర్లూ వంగుతాయి మరి. అందుకే ఏదైనా విప్పే ముందు సీటు ఎలా ఆగుతోందో నిదానంగా గమనించండి. లోపం ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

దానికంటే ముందు ఒక జాగ్రత్త. సీటు కింద పసుపు రంగు కప్లర్లు ఉంటే వాటిని ముట్టుకోవద్దు. అవి సాధారణంగా సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి, ప్రమాదంలో సీటు బెల్టును బిగించే ప్రిటెన్షనర్‌కి వెళ్లేవి. వాటిలో మల్టీమీటర్ అస్సలు పెట్టకూడదు. సీటు తీయక తప్పదంటే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ కారు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. ఆ కప్లర్లు ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, కారు కంప్యూటర్‌లో లోపం కోడ్ కూడా పడుతుంది. కింద చెప్పే పరీక్షలు చాలావరకు సీటు తీయకుండానే చేయవచ్చు.

సీటు ఏ వైపూ కదలడం లేదు

ముందు ఫ్యూజు, ఆ తర్వాత బ్యాటరీ. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపాలి. బాగా దిగిపోయిన బ్యాటరీతో కొన్ని కార్లు సీటు లాంటి సౌకర్యాలను తామే ఆపేస్తాయి.

ఇవి బాగుంటే సీటు కింది కప్లర్‌కి కరెంటు వస్తోందా చూడాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. మీటరు 12 వోల్టులు చూపగానే వైరు బాగుందనుకుంటారు. కానీ వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరు అదే 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు లాగదు. మోటారు మాత్రం ఆంపియర్లలో లాగుతుంది. అందుకని మెయిన్ సప్లై వైరుకీ ఎర్త్‌కీ మధ్య 21 వాట్ల బల్బు పెట్టి చూడండి. అది సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. బల్బు నిండుగా వెలిగితే సప్లై బాగున్నట్టే. మసకగా వెలిగితే దారిలో ఎక్కడో వైరు నలిగింది. ఈ బల్బును సెన్సర్ వైర్లకు, మాడ్యూల్ సిగ్నల్ వైర్లకు మాత్రం పెట్టకండి, మాడ్యూల్ పాడవుతుంది.

ఎర్త్ వైపూ ఇలాగే చూడాలి. మీటరు ఒక కొన మాడ్యూల్ ఎర్త్ పిన్‌కి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఎవరినైనా సీటు స్విచ్ నొక్కమనండి. రీడింగ్ సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించండి.

కొంచెం కదిలి ఆగిపోతోంది, మళ్లీ నొక్కితే మళ్లీ కొంచెం

మెమరీ సీటుకే ప్రత్యేకమైన లక్షణం ఇది. సీటు ఎక్కడుందో మాడ్యూల్‌కి తెలియాలి కదా. అందుకు చాలా కార్లలో మోటారు లోపల హాల్ సెన్సర్ (అయస్కాంతం సాయంతో తిరుగుడును పసిగట్టేది) ఉంటుంది. మోటారు తిరుగుతుంటే అది పల్సులు పంపుతుంది, మాడ్యూల్ వాటిని లెక్కపెట్టుకుంటుంది. మోటారుకి కరెంటు ఇచ్చినా పల్సులు రాకపోతే, సీటు దేనికో తట్టుకుందనుకుని మాడ్యూల్ ఆపేస్తుంది. అంటే మోటారు బాగుంది, లెక్క తప్పింది.

స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) ఉంటే లైవ్ డేటాలో ఆ మోటారు పొజిషన్ అంకె చూస్తూ స్విచ్ నొక్కండి. సీటు కదులుతున్నా అంకె మారకపోతే లోపం సెన్సర్‌లో గానీ, దాని వైర్లలో గానీ ఉంది. ముందు వైర్లే చూడండి. సెన్సరే పోతే మాత్రం, అది చాలావాటిలో విడిగా దొరకదు కాబట్టి మోటారు మొత్తం మార్చాల్సి వస్తుంది.

ఒక సీటు బాగా వెనక్కి వెళ్లినప్పుడు మాత్రమే ఇలా ఆగేది. పైకి వైర్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కుకుంటూ వెళితే, ఒక సన్నటి వైరు ఒకచోట మెత్తగా తగిలింది. తొడుగు చీలిస్తే రాగి పోగులు చిలుము పట్టి పచ్చటి పొడిలా రాలాయి. ఎప్పుడో లోపలికి నీళ్లు చేరి ఉండాలి. అలాంటప్పుడు మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా కత్తిరించి, కొత్త ముక్క క్రింప్ చేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. వైరు వంగే చోట అతుకు పడకూడదు, మళ్లీ అక్కడే తెగుతుంది.

స్విచ్‌తో కదులుతోంది, మెమరీ బటన్‌తో కదలడం లేదు

ఇటీవల బ్యాటరీ తీశారా? చాలా కార్లలో సీటు హద్దులు మర్చిపోతుంది. సీటును ఒక్కో దిశలో చివరిదాకా తీసుకెళ్లి స్విచ్ కొన్ని సెకన్లు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది. పద్ధతి కారును బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. గేరు పార్క్‌లో లేకపోతే మెమరీ పనిచేయని కార్లూ ఉన్నాయి.

అద్దాలు కూడా అదే బటన్‌తో జరిగే కారైతే పని తేలిక. అద్దాలు జరిగి సీటు కదలకపోతే లోపం సీటు వైపు. రెండూ కదలకపోతే బటన్ గానీ, డోర్ వైర్లు గానీ. డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం జరిపి లోపల చూడండి, తలుపు తెరిచి మూసినప్పుడల్లా అక్కడ వైర్లు వంగుతుంటాయి.

ఒక్క వైపే కదులుతోంది

మోటారు రెండు వైర్ల మీద మీటరు పెట్టి స్విచ్ అటూ ఇటూ నొక్కండి. దిశ మారితే రీడింగ్ ప్లస్ నుంచి మైనస్‌కి మారాలి. రెండు వైపులా వోల్టేజీ సరిగా వస్తున్నా ఒకవైపే కదిలితే అది కరెంటు సమస్య కాదు, సీటు జరిగే పట్టాలో ఏదో అడ్డుపడింది. ఒకవైపు వోల్టేజీ రాకపోతే ఆ నొక్కు మాడ్యూల్‌కి చేరుతోందా అని స్కానర్‌లో చూడండి. చేరకపోతే స్విచ్‌నూ దాని వైరునూ చూడాలి. చేరుతున్నా వోల్టేజీ రావడం లేదంటే మోటారు దాకా వెళ్లే వైర్లు పరీక్షించి, అవి బాగుంటేనే మాడ్యూల్‌ని తప్పుపట్టండి.

మోటారు శబ్దం వస్తూ సీటు కదలకపోతే గేరో, డ్రైవ్ కేబులో పోయినట్టు. వేడెక్కి ఆగి, చల్లారాక మళ్లీ నడిస్తే మోటారు లోపలి రక్షణ పనిచేస్తోందని అర్థం, పట్టా బిగుసుకుందేమో చూడండి.

రిపేరు అయ్యాక ప్లాస్టిక్ కవర్లు వెంటనే బిగించకండి. టార్చి వేసి, సీటును ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా నడుపుతూ ఏ వైరైనా లాగబడుతోందా, పట్టా కింద పడుతోందా చూసి, ఆ తర్వాతే పొజిషన్లు సేవ్ చేయండి.