తక్కువ ధర స్కూటర్: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

లక్ష రూపాయలకు అటూఇటూగా స్కూటర్ కొనదలచినవారు ముందుగా ప్రకటనల్లోని ఎక్స్ షోరూం ధరను (రిజిస్ట్రేషన్, బీమా వంటివి కలపని ధర) పక్కన పెట్టి, బండి ఇంటికి చేరేసరికి అయ్యే మొత్తం ఖర్చును పద్దులవారీగా కాగితం మీద రాయించుకోవాలి. రెండు మూడు షోరూంలలో ఇలా కొటేషన్ తీసుకుంటే, ఒకే మోడల్‌కు కూడా ఈ మొత్తం ధరలో, అంటే ఆన్ రోడ్ ధరలో, తేడా ఎక్కడ వస్తున్నదో తెలిసిపోతుంది. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ రుసుము ప్రభుత్వానికి చెల్లించేవి కనుక వాటిలో బేరానికి తావు లేదు. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించేది) తప్పనిసరి. 75 నుంచి 150 సీసీ వరకు ఉన్న బండ్లకు 2022లో నిర్ణయించిన ప్రీమియం, పన్ను కాకుండా, 3,851 రూపాయలు. సొంత బండికి జరిగే నష్టాన్ని భరించే బీమా భాగం, హ్యాండ్లింగ్ ఛార్జీలు, పొడిగించిన వారంటీ, టెఫ్లాన్ పూత, సీటు కవరు వంటి వాటి దగ్గరే గట్టిగా మాట్లాడాలి. బీమాను షోరూంవారి దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు.

పాత ధరలతో పోల్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు బండి కొన్నవారు దానిని ఇప్పుడు అమ్ముతూ, తాము పెట్టిన డబ్బును బట్టి ధర చెబితే, దానిని నేటి కొత్త బండి ధరతోనే సరిచూడాలి.

మన కొనుగోలుదారులు అన్నిటికన్నా ముందు మైలేజీ గురించి అడుగుతారు గాని, ఒకే తరగతి స్కూటర్ల మధ్య ఆ తేడాకు అంత విలువ ఉండదు. ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగే మనిషికి లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండిలో 200 లీటర్లు, 50 ఇచ్చే బండిలో 180 లీటర్లు ఖర్చవుతాయి. ఆ 20 లీటర్లకు, లీటరు 107 రూపాయల లెక్కన, సుమారు 2,140 రూపాయలు. కేవలం మైలేజీ కోసం పది వేలు ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లకు పైగా పడుతుంది.

అదనంగా డబ్బు పెట్టదగినవి చక్రాలు, సస్పెన్షన్, బ్రేకులు. గుంతల రోడ్ల మీద పది అంగుళాల చక్రం కంటే పన్నెండు అంగుళాల చక్రం నిలకడగా నడుస్తుంది. టీవీఎస్ జూపిటర్ 110కు రెండు చక్రాలూ పన్నెండు అంగుళాలవి; హోండా యాక్టివా 110కు ముందుది పన్నెండు, వెనుకది పది; హీరో ప్లెజర్ ప్లస్‌కు రెండూ పదే. ఊళ్లోనే, ఒక్కరే తిరిగేటట్లయితే చిన్న చక్రాలతో ఇబ్బంది లేదు. పల్లె నుంచి పట్టణానికి రోజూ హైవే ఎక్కేవారు, వెనుక మనిషిని ఎక్కించుకునేవారు మాత్రం పెద్ద చక్రాలకూ, ముందు డిస్క్ బ్రేకుకూ డబ్బు పెట్టడం న్యాయం. అల్లాయ్ చక్రాలు వేరే సంగతి: చాలా స్కూటర్లలో మామూలు ఇనుప చక్రాలకు కూడా ట్యూబ్‌లెస్ టైర్లే వస్తాయి కాబట్టి, అల్లాయ్‌కు పెట్టేది ఎక్కువగా అందానికే. బ్లూటూత్ మీటరును నేను ఆటబొమ్మగానే లెక్కిస్తాను.

నాణ్యతలో సగం కంపెనీ చేతిలో ఉంటే మిగతా సగం దగ్గరలోని సర్వీస్ సెంటర్ చేతిలో ఉంటుంది. గేర్లు లేని పెట్రోల్ స్కూటర్లో ఇంజిన్ శక్తిని వెనుక చక్రానికి చేర్చే డ్రైవ్ బెల్ట్, రోలర్లు అరిగిపోయే భాగాలు. ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. అందుకని కొనకముందే ఆ ఊరి మెకానిక్‌ను కలిసి, ఏ బండి విడిభాగాలు అక్కడే దొరుకుతాయో, దేనికి జిల్లా కేంద్రానికి పోవాలో అడగడం మంచిది. ఈ ప్రశ్నకు సేల్స్ కుర్రవాడి కంటే అతను నిజాయితీగా జవాబిస్తాడు.

వాయిదాలలో కొనేవారు వడ్డీ శాతాన్ని మాత్రమే చూడకూడదు. 70,000 రూపాయలను మూడేళ్లకు పది శాతం ఫ్లాట్ రేటుతో (అసలు తీరుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ లెక్కించే పద్ధతి) తీసుకుంటే వడ్డీ 21,000 అవుతుంది. అదే అప్పును తగ్గుతున్న బాకీ మీద పన్నెండు శాతానికి తీసుకుంటే వడ్డీ సుమారు 13,700 మాత్రమే. చిన్నగా కనిపించిన పది శాతమే ఏడు వేలకు పైగా ఎక్కువ గుంజుతుంది.

రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదని చెప్పి అమ్మే చౌక ఎలక్ట్రిక్ బండి వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకూడదు, మోటారు శక్తి 250 వాట్లు దాటకూడదు; అంతకంటే వేగంగా పోయే బండిని ఆ పేరుతో అమ్మజూపితే కొనవద్దు. ఎలక్ట్రిక్ బండిలో అత్యంత ఖరీదైన భాగం బ్యాటరీ కాబట్టి, దాని వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నది రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఏ బండి అయినా, రిజిస్ట్రేషన్‌కు ముందే మనకు కేటాయించిన బండిని స్వయంగా చూసి, ఛాసిస్ నంబరు రాసుకుని, తయారైన నెల, సంవత్సరం అడగాలి. నిరుటి బండిని ఈ ఏడాది అంటగడుతుంటే, రేపు మళ్లీ అమ్మేటప్పుడు ఆర్‌సీలోని తయారీ సంవత్సరాన్నే కొనేవాడు చూస్తాడు గనుక, ఆ మేరకు ధర తగ్గించమని అప్పుడే అడగాలి.