వానలు ముదరకముందే కుక్కపిల్ల తిండి సంగతి చూసుకోండి

మిరుగం దాటి నాలుగు వానలు పడితే చాలు, గోడలు చెమ్మగిల్లుతాయి, డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది. ఆ చెమ్మే కుక్కపిల్ల తిండి సంచిలోకీ దిగుతుంది. హన్మకొండ, కాజీపేట, నర్సంపేట వైపు ఈ నెలల్లో కొత్తగా పిల్లను తెచ్చుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ డాగ్ ఫుడ్ మంచిదని. నన్నడిగితే వానకాలంలో పేరు తర్వాతి సంగతి. తిండి పొడిగా, తాజాగా ఉందా, పెరిగే పిల్ల కోసం చేసిందేనా అన్నది ముందు చూడాలి.

లూజు తిండి మాత్రం కొనకండి. కొన్ని దుకాణాల్లో పెద్ద సంచి మూతి విప్పి, లోపల ఒక ప్లాస్టిక్ గ్లాసు పడేసి, కిలో, అరకిలో తూచి ఇస్తారు. ధర తక్కువ పడుతుంది నిజమే. కానీ ఆ సంచి ఎన్నడు విప్పారో, ఎక్స్‌పైరీ ఎప్పుడో, అది పిల్లలదో పెద్దవాటిదో మనకు తెలిసే దారి లేదు. డాగ్ ఫుడ్‌లో చాలావాటిలో మక్కలు ఉంటాయి. మక్కల మీద, పల్లీల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. మక్కలు పండించే రైతుకు తేమ గురించి చెప్పాల్సిన పని లేదు. 14 శాతం దాటితే మద్దతు ధరకు కొనరని, ఆరబోసిన కుప్ప మీద వాన పడితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. కుక్కపిల్ల తిండినీ అదే కంటితో చూడండి. డాగ్ ఫుడ్ గింజను వేళ్ల మధ్య విరిస్తే టక్కున విరగాలి. మెత్తబడినా, ఉండ కట్టినా, పాత నూనె వాసన వచ్చినా పారేయండి. కోళ్లకో, వీధి కుక్కలకో వేయొద్దు, వాటికీ అది విషమే. బూజు కంటికి కనపడకపోయినా విషం ఉండొచ్చు. అందుకే పిల్ల తిండి మానేసి నీరసపడినా, చిగుళ్లు, కళ్లు పచ్చబడినా, ఆ తిండి ఆపేసి సంచితో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సంచి మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది, అది పనికొస్తుంది.

పిల్ల నెల, నెలన్నర లోపు తినేసే సైజు ప్యాకెట్టే తీసుకోండి. ఇంటికి తెచ్చాక గింజలను డబ్బాలో గుమ్మరించకండి. సంచి మూతి గట్టిగా మడిచి, సంచి సంచిగానే స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించండి. గుమ్మరిస్తే డబ్బా గోడలకు అంటుకున్న కొవ్వు పాడై, తర్వాత పోసే కొత్త తిండిని కూడా చెడగొడుతుంది. డబ్బా నేల మీద కాకుండా ఎత్తులో ఉండాలి. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, వరంగల్, హన్మకొండల్లో కాలనీలు మునిగాయి. అలాంటప్పుడు దుకాణాలు తెరుచుకోవు. పది రోజులకు సరిపడా తిండి ఎక్కువే ఉంచుకోండి.

ఇక సంచి మీద రాత. ముందువైపు బొమ్మ వదిలేసి వెనక్కి తిప్పండి. 'పప్పీ' లేదా 'గ్రోత్' అని, 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉండాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పూర్తి తిండి కాదు, దాంతోనే కడుపు నింపకూడదు. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు రాసే ఆఫ్‌కో (AAFCO) అనే సంఘం లెక్క ప్రకారం పెరిగే పిల్ల తిండిలో, తేమ తీసేసి లెక్కిస్తే, కనీసం 22.5 శాతం ప్రోటీన్, 8.5 శాతం కొవ్వు ఉండాలి. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి మొదటి రెండు మూడు పేర్లలో మాంసమో చేపో కనపడాలని నేను చూస్తాను.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు 'లార్జ్ బ్రీడ్ పప్పీ' రకమే కొనండి. వీటికి కాల్షియం ఎక్కువైనా ప్రమాదమే. మంచి పప్పీ ఫుడ్ పెడుతూనే, ఎవరో చెప్పారని రోజూ కాల్షియం సిరప్ పోసేవాళ్లు చాలామంది. ఎముక గట్టిపడుతుందనే ప్రేమతోనే పోస్తారు, కానీ పెరిగే ఎముక, కీలు దాంతోనే వంకర పోతాయి. డాక్టర్ చెప్పకుండా చుక్క కూడా వద్దు.

ఇంటి తిండి పెట్టేవాళ్లకు ఇదే మాట తిరగేసి చెప్పాలి. ఉత్త అన్నం, చికెన్ ముక్కలతో పెంచితే కాల్షియం చాలదు, కాళ్లు వంగిపోతాయి. పెరుగు వేసినంత మాత్రాన ఆ లోటు తీరదు. వండే పెట్టాలనుకుంటే కొలతలు డాక్టర్‌తో రాయించుకోండి. మనం తినే కూర పులుసు అన్నంలో కలపొద్దు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, వండిన బొక్కలు అస్సలు వద్దు. పాలు తాగితే చాలా పిల్లలకు విరేచనాలవుతాయి.

ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి విడదీసి తేకండి. తెచ్చిన మొదటి రోజుల్లో అక్కడ తిన్న తిండే పెట్టండి, ఆ తర్వాతే కొత్తది నాలుగో వంతు, సగం అంటూ కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. మూడు, నాలుగు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు కొంచెం కొంచెం. నానబెట్టి పెడితే అరగంటలో తినగా మిగిలింది తీసేసి గిన్నె కడగండి, ఈ గాలికి తొందరగా పులుస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే తిండి పడలేదేమో అని రెండు రోజులు చూస్తూ కూర్చోవద్దు. టీకాలు పూర్తికాని పిల్లల్ని పేగులను దెబ్బతీసి ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ పట్టుకోవచ్చు. ఆ టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై 16 వారాల దాకా నడుస్తాయి. వాంతులు, రక్తంతో విరేచనాలు కనపడితే అదే పూట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రిపూట ఎవరు చూస్తారో, ఎవరి నంబరుకు ఫోన్ చేయాలో పిల్లను ఇంటికి తేకముందే కనుక్కొని పెట్టుకోండి.